తొలి తట్ట

కోరుట్లలో నేనుంటున్న ఇంటి పక్క ఖాళీ జాగాలో ఎవరో పూలచెట్ల నర్సరీ పెట్టుకుంటున్నారు. మొన్న పొద్దున ఒక ట్రాక్టరు వచ్చి, నా కిటికీకి ఎదురుగా చెరువు మట్టి కుమ్మరించి పోయింది. పైపైన ఎండి బూడిదరంగుకు తిరిగిన ఆ నల్లటి గడ్డలు లోపల ఇంకా తడిగానే ఉన్నాయి. ఎండ ఎక్కేకొద్దీ ఆ తడిలోంచి వాసన లేచింది. కుళ్లిన తామర కాడలు, పగిలిన నత్తగుల్లలు, చేప పొలుసు, బర్రెలు పొర్లిన బురద, వాటన్నిటి అడుగున చల్లటి ఇనుము వాసన లాంటిది ఇంకేదో. నేను చాయ గ్లాసు పక్కన పెట్టాను. పనిచేసే అమ్మాయి వచ్చి, "వాసనస్తున్నది, కిటికి మూయాల్నా మేడం?" అని అడిగితే అక్కర్లేదన్నాను. ఆమె వంటింట్లోకి పోయాక నేనే లేచి మూశాను.

మా ఊరు కొడిమ్యాల గుట్టలు దాటి సిరిసిల్ల దిక్కు పోయే దారిలో ఉంటుంది. నేను పుట్టింది ఆ ఊరి పెద్దచెరువు కట్టించిన ఇంట్లో. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు, నిజం కనుక చెబుతున్నాను. గొప్ప చెప్పుకోవడానికి ఇప్పుడు మా ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు, చెప్పుకుంటే వినేవాళ్లు అంతకన్నా లేరు.

రెండు గుట్టల నడుమ పారే వాగుకు అడ్డంగా ఆ కట్ట పోయించింది మా ముత్తాతకు తాత. కరువు కాలంలో తిండికి వలస పోతున్న ఊరిని నిలబెట్టి, మట్టి పనికి పిలిచాడట. జనం వచ్చారు, గడ్డపారలు తెచ్చారు, మట్టి తవ్వి తట్టల నిండా నింపారు. కానీ తట్ట ఎత్తడానికి మాత్రం ఎవరూ ముందుకు రాలేదు. పారే వాగుకు అడ్డంగా మొదటి తట్ట ఎవరు పోస్తే వాళ్లను వాగు ఏదో ఒకనాడు అడుగుతుందని వాళ్ల నమ్మకం. పొద్దు నెత్తి మీదికి వచ్చేదాకా చూసి, ఆయన తలపాగా విప్పి, తట్ట కింద పెట్టుకునే సుట్టబట్టగా చుట్టుకుని, మట్టి తట్ట తన నెత్తికెత్తుకుని పోయి వాగులో పోశాడట. ఆ తరువాత ఊరంతా కదిలింది. మా ఇంటి పెద్దరికం భూముల వల్ల వచ్చిందని బయటివాళ్లు అనుకుంటారు. కాదు, ఆ ఒక్క తట్ట వల్ల వచ్చింది. నాకు ఊహ తెలిసేనాటికి ఊళ్లో ముసలివాళ్లు కూడా అలాగే అనేవారు.

ఆ చెరువు నిండిన రోజుల్లో మా ఊరు ఎలా ఉండేదో ఇప్పటివాళ్లకు చెప్పడం కష్టం. మృగశిర ముంగిళ్లు తడిపి, ఆరుద్ర వానలు వాగును లేపితే, గుట్టల మీది ఎర్రనీళ్లు మోదుగాకులను, బెరడును, పాము కుబుసాలను మోసుకుంటూ వచ్చి చెరువులో కలిసేవి. శ్రావణం దాటేసరికి నీళ్లు తేటబడి, కట్ట మీది ఈతచెట్ల నీడలు అందులో తలకిందులుగా నిలబడేవి. నీళ్లు నిండుగా పెరిగి మత్తడి మీదుగా దూకడం మొదలైన రోజు ఊళ్లో ఎవరూ పనికి పోయేవారు కాదు. మత్తడి అంటే చెరువులో ఎక్కువైన నీళ్లు పొర్లిపోవడానికి రాతితో కట్టిన అలుగు. ఊరు గడి అని పిలిచే మా పెద్దింటి వెనక, గుట్ట అంచున ఉండేది. ఆ చప్పుడు మా ఇంట్లో అన్ని గదుల్లోకీ వచ్చేది, అన్నం తింటుంటే కంచంలోకి వచ్చేది, పక్కలోకి వచ్చేది. ఊపిరి చప్పుడును మనం ఎలా వినమో, దాన్ని మేము అలాగే వినేవాళ్లం కాదు.

భాద్రపదంలో ఆడపిల్లలమంతా తూము దగ్గరికి పోయి జిగట మట్టి తెచ్చి, చుట్టూ తిరిగి పాడుకోవడానికి బొడ్డెమ్మను చేసేవాళ్లం. మిగిలిన మట్టితో గురుగులు, పొయ్యిలు, ఎద్దులు చేసి అరుగు మీద ఆరబెట్టేవాళ్లం. సద్దుల బతుకమ్మ నాడు తంగేడు, గునుగు, పట్టుకుచ్చుల పూలు మా నడుముల ఎత్తున పేర్చి, నువ్వుల సద్ది, పల్లి సద్ది, పెరుగు సద్ది, వేడివేడి రొట్టెల్లో బెల్లం కలిపి నలిపిన మలీద ముద్దలు ఇత్తడి గిన్నెల్లో పట్టుకుని కట్ట ఎక్కితే, నీటి మీద తేలిపోతున్న పూల వరుసలు ఎక్కడ ఆగేవో కనిపించేవి కాదు. చలికాలం ఎక్కడినుంచో తెల్లకొంగలు, నల్లబాతులు దిగేవి. ఎండలు ముదిరి నీళ్లు నడిమి మడుగులోకి చేరాక, ఊరంతా వలలు, ఊతలు పట్టుకుని దిగేది. మా ఇంటికి బొమ్మెచేపలు వచ్చేవి. చింతపులుసులో మెంతిపొడి వేసి నాయనమ్మ వండిన ఆ పులుసు మరునాటికి ఇంకా బాగుండేది. మా అమ్మ నన్ను కన్న కొన్నాళ్లకే పోయింది, అందుకని నన్ను పెంచింది నాయనమ్మే.

తాత రోజూ పొద్దున కట్ట మీద ఈ కొసనుంచి ఆ కొసకు నడిచేవారు. వెండి పిడి వేసిన చేతికర్ర పట్టుకునేవారు గానీ దాని మీద ఎప్పుడూ బరువు మోపేవారు కాదు. కుర్చీలో కూర్చుంటే వెన్ను ఆనించేవారు కాదు. నేను గోడకు చేరగిలబడితే, "ఆనుకుంటే వెన్ను మరిచిపోతుంది బిడ్డా" అనేవారు. ఈ వయసులో కూడా బస్సులోనైనా నేను వెనక్కి ఆనుకోను.

ఎండాకాలం చేపలు పట్టడం అయిపోయాక మట్టి పని మొదలయ్యేది. ఏడాది పొడుగునా వాగు తెచ్చి పోసిన ఒండ్రును తవ్వి ఊరివాళ్లు తమ పొలాలకు తోలుకునేవారు. చెరువుకు లోతు, చేనుకు బలం. పని ప్రారంభానికి ముందు మా ఇంటి పెద్ద తొలి తట్ట ఎత్తాలని ఆచారం. ముత్తాత తాత నెత్తికెత్తుకున్నాడు. ఆయన కొడుకు నెత్తికి ఎత్తుకోలేదు, తట్టను చేత్తో తాకి ఇంకొకరికి ఎత్తించాడట. మా తాత కాలానికి అదీ పోయింది. ఆయన చేతికర్రకు ఎర్రగుడ్డ చుట్టి పంపేవారు, దాన్ని నిండిన తట్ట మీద అడ్డంగా పెడితే, ఆ తట్టను సాలవ్వ ఎత్తుకునేది.

సాలవ్వ వాళ్లది కట్ట కింది వాడ. గుంట భూమి లేని ఇండ్లు అవి. ఏ పొలానికి మట్టి పోయినా మోసే నెత్తులు మాత్రం వాళ్లవే. వాడ నడుమ ఒక చిన్న పెంకుల చర్చి ఉండేది, ఆదివారం పొద్దున అక్కడినుంచి పాట వినిపించేది, పాటలో సాలవ్వ గొంతు అందరికన్నా పైన ఉండేది. మనిషి సన్నగా, పొడుగ్గా, నెత్తి మీద తట్ట ఉంటేనే నిటారుగా కనబడేది. నోరు మాత్రం ఎవరికీ దడిసేది కాదు.

నేను నాయన చేయి పట్టుకుని మట్టి పని చూడబోయిన ఒక ఏడు, కర్ర పెట్టిన తట్ట ఎత్తుకుంటూ ఆమె వెనక్కి తిరిగి అంది. "చూసిండ్రానుల్లా, ఏడేడుకు దొర బరువు తగ్గవట్టె. మొదలు మనిషచ్చె, తర్వాత చెయ్యచ్చె, గిప్పుడు కట్టెచ్చె. అచ్చే ఏడు నీడను పంపుతడు గావచ్చు!"

ఆడవాళ్లంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. తూములు ఎత్తి దించే నీరటి రాజన్న భయపడి, "నీ నోట్లె మన్నువడ, చిన్నదొర ఉన్నడే!" అని కసిరాడు.

"నోట్లె పడేదేంది రాజన్నా, నెత్తి మీదనే ఉన్నది గద మన్ను" అని ఆమె నడిచిపోయింది.

చిన్నదొర అంటే మా నాయన. ఆయనకు కోపం రాలేదు. నవ్వూ రాలేదు. నా చేయి మాత్రం గట్టిగా పట్టుకున్నారు.

తరువాత కాలం మారింది. వెట్టి ఇక చేసేది లేదని మా దిక్కు ఊళ్లన్నీ ఒక్కటొక్కటిగా చెప్పేశాయి. మా ఊరు కూడా చెప్పింది. ఆ ఏడు ఎండాకాలం వాడవాళ్లు, రైతులు కలిసి గడికి వచ్చారు. గొడవకు రాలేదు. అరుగు కింద నిలబడకుండా అరుగు ఎక్కి నిలబడ్డారు, అంతే తేడా. వాళ్లలోంచి సాలవ్వ ముందుకు వచ్చింది.

"మట్టి ఎత్తం అని అంటలేం దొరా. చెరువు అందరికి బువ్వ వెడుతున్నది. ఎత్తుతం. గని తొలి తట్ట నువ్వే ఎత్తాలె. కట్టె గాదు. నీ నెత్తి మీద."

తాత ఆమె వైపు తిరిగారు. "మా ఇంట్ల తట్టలెత్తరు" అన్నారు.

"ఎత్తబట్టే గదా దొరా మీ ఇల్లు ఇల్లయింది. వాగు అడుగుతదో అడగదో మాకెరుక లేదు. అడిగితె మాత్రం మమ్ముల ఒక్కల్లనే ఎందుకడగాలె?"

నాయన లేచి నిలబడి, "నేను ఎత్తుత నాయినా" అన్నారు.

"నేను బతికుండంగ ఎత్తవు" అన్నారు తాత. తరువాత జనం వైపు తిరిగి, గొంతు పెంచకుండానే, "ఆ చెరువు మాది. మీరు మట్టి ఎత్తకుంటె పూడిపోనీ. మీకు నచ్చినట్టు ఎత్తేకన్న అదే నయం" అన్నారు.

తలుపు చాటున ఉన్న నాయనమ్మ చెవులు మూసుకుంది. "తథాస్తు దేవతలు తిరిగే పొద్దు, ఏం మాటలయ్యవి" అని లోపలికి పోయి దేవుడి ముందు దీపం వెలిగించింది. వచ్చినవాళ్లు అరుగు దిగి పోయారు. ఆ ఏడు చెరువులో ఎవరూ గడ్డపార వేయలేదు.

చెరువు ఒక్కసారిగా చెడలేదు. మొదట కొంగలు తగ్గాయి. నీళ్లు నిండుగానే కనిపించేవి గానీ, ఇదివరకు ఈతగాళ్లు మునిగి తేలే చోట బర్రెలు నడుం లోతులో నిలబడేవి. తూటి చెట్లు ఒడ్డునుంచి మొదలై లోపలికి నడిచి వచ్చాయి. ఎండాకాలం రాకముందే నీళ్లు ఆకుపచ్చగా చిక్కబడి, పొద్దున కట్టెక్కితే చేపలు తెల్లటి కడుపులు పైకి తిప్పుకుని కనబడేవి. కట్ట లోపలి వైపు పేర్చిన రాళ్లు జారి, ఆ సందుల్లో పందికొక్కులు బొరియలు చేసుకున్నాయి. కట్ట వెనక, వాడ వైపు, వేసవిలో కూడా ఒక చోట పచ్చగడ్డి మొలిచేది. పిల్లలం దాని మీద గచ్చకాయలు ఆడుకునేవాళ్లం. కాళ్లకు చల్లగా ఉండేది. ఆ చల్లదనం ఎక్కడిదో మేము ఎవరినీ అడగలేదు.

ఏటా మృగశిరకు ముందు నాయన తాత గదిలోకి పోయి నిలబడేవారు. లోపల ఏం మాట్లాడుకునేవారో తెలియదు. బయటికి వచ్చేటప్పుడు ఆయన ముఖం చూసి ఈ ఏడూ తట్ట ఎత్తడం లేదని మాకు తెలిసిపోయేది. ఆయన జగిత్యాలలో చదువుకున్న మనిషి, పేపరు చదివేవారు, కాలం ఎటు పోతున్నదో ఎరిగినవారు. తండ్రి మాట దాటడం మాత్రం ఎరగరు. "ఆయన ముందర నేనే పోతనేమో, అప్పుడు తట్ట ఎవరెత్తాలె?" అని ఒకసారి నాయనమ్మతో అంటే, ఆమె ఆయన నోటికి చేయి అడ్డం పెట్టింది.

చెరువులో నీళ్లు తగ్గిపోతున్నాయని, ఆయకట్టు కొసకు పారడం లేదని రైతులు అనుకోవడం తాత చెవిన పడింది. అప్పుడు ఆయన చేసిన పని ఆయన తప్ప ఇంకెవరూ చేయరు. పూడిక తీయించలేదు. మత్తడి మీద ఇంకో వరుస రాయి పెట్టించి సిమెంటు పూయించారు. పూడికతో చెరువు అడుగు పైకి వస్తే, అంచును కూడా పైకి లేపారు. ఆ ఏడు వానలకు నీళ్లు పాత గుర్తు దాటి నిలబడ్డాయి. తాత కట్ట మీద నడుస్తూ, "చూడు, మా చెరువు ఎంత నిండుగున్నదో" అని నాకు చూపించారు. నిజంగానే అంత నిండుగా నేను ఎన్నడూ చూడలేదు. నీళ్లు కట్ట అంచుకు దగ్గరగా వచ్చి, గాలికి మెల్లగా నాకుతున్నాయి. మత్తడి దూకే చప్పుడు ఆ ఏడు వినపడలేదు. రాత్రి పక్కలో ఆ చప్పుడు లేక నాకు నిద్ర పట్టకపోతే, నాయనమ్మ కూడా మేలుకునే ఉండేది.

ఆ మరుసటి వానకాలం ముసురు పట్టింది. గుట్టలు కనబడకుండా, పొద్దెక్కడుందో తెలియకుండా కురిసింది. ఒకనాడు పగటి పూట నీరటి రాజన్న తడిసి ముద్దయి గడిలోకి పరుగెత్తుకొచ్చి, చెప్పులు విప్పడం కూడా మరిచిపోయి, "చిన్నదొరా, తూము కాడ కట్ట చెమట వడుతున్నది" అన్నాడు.

కట్టలోంచి నీళ్లు ఊరుతున్నాయంటే ఏం జరగబోతున్నదో నాయనకు తెలుసు. గడి పెద్ద తలుపులు రెండూ తీసి పెట్టమన్నారు. వాడలోని పిల్లలను, ముసలివాళ్లను గడిలోకి తోలుకురమ్మని రాజన్నను పంపి, తాను గడ్డపార తీసుకుని మత్తడి వైపు నడిచారు. నేను గొంగడి కప్పుకుని ఆయన వెనకాలే పోయాను. ఆ గొడవలో నన్నెవరూ చూడలేదు.

మత్తడి దగ్గరికి అప్పటికే వాడ మగవాళ్లు గడ్డపారలతో వచ్చి ఉన్నారు. ఆ కొత్త గోడ పగలగొడితే నీళ్లు దిగుతాయి, కట్ట మీద బరువు తగ్గుతుంది. అది అందరికీ తెలుసు. కానీ గోడ దగ్గర, ఆ వానలో, తాత కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. వెన్ను ఆనించలేదు. మీసాల మీదినుంచి నీళ్లు కారుతున్నాయి.

"ఈ గోడ మీద గడ్డపార పడితె నా మీద పడ్డట్టే" అన్నారు.

"నాయినా, కింద వాడ ఉన్నది" అన్నారు నాయన.

"చెరువు కట్టింది మనం. తెంపేది మనం గాదు."

గడ్డపారలు ఎత్తినవాళ్లు ఎత్తినట్టే నిలబడిపోయారు. వెట్టి పోయి ఏళ్లయినా, ఆ మనిషిని తాకడానికి వాళ్ల చేతులు రావడం లేదు. అప్పుడు సాలవ్వ కట్ట మీదినుంచి దిగివచ్చింది. ఆమె పెనిమిటి మల్లయ్య, అతని తమ్ములు ఒకప్పుడు మా ఇంటి మేనా మోసినవాళ్లు.

"ఏందిరా గట్ల నిలవడ్డరు? దొరను దిగుమని ఎవలన్నరు? కుర్సితోనే ఎత్తుండ్రి. మీరు మోయని దొరనా, మీ బుజాలెరగని బరువా? జర్ర పైలం, ఒరుగనియ్యకుండ్రి, పెద్దమనిషి."

మల్లయ్య, అతని తమ్ములు వంగి కుర్చీ కాళ్లు పట్టుకున్నారు. తాతను అలాగే పైకి లేపి, ఒక్క పక్కకు కూడా ఒరగకుండా మోసుకుపోయి, గుట్ట మీద రాతి చాటున దించారు. ఒకడు తన తలమీది గోనెకుచ్చు తీసి ఆయనకు కప్పాడు.  నేను ఆయన పక్కన నిలబడ్డాను. ఆయన గోడ వైపే చూస్తున్నారు. 

గడ్డపారలు పడ్డాయి. గోడ పగిలి నీళ్లు దూకాయి. ఎన్నాళ్లకో విన్న ఆ చప్పుడుకు ఒక్క క్షణం నాకు సంతోషం కలిగింది. కానీ తూము దగ్గర కట్ట అప్పటికే మెత్తబడింది. మేము గచ్చకాయలాడుకున్న ఆ పచ్చిక చోటునుంచి బురదనీళ్లు బుగ్గలాగా ఉబుకుతున్నాయి. వాడలో ఇంకా జనం ఉన్నారు. కదలలేని ముసలివాళ్లను మంచాల మీద మోసుకొస్తున్నారు. అందరూ పైకి వచ్చేదాకా కట్ట నిలబడాలి. గుట్ట వాలునుంచి మట్టి తవ్వి, తట్టలు నింపారు. మోయడానికి ఆడవాళ్లు వరుస కట్టారు.

అప్పుడు నాయన భుజం మీది కండువా తీసి సుట్టబట్టగా చుట్టుకున్నారు. వంగి తట్ట పట్టుకుంటే ఎత్తడం చేతకాలేదు. సాలవ్వ ఒక్క చేయి సాయం పట్టింది. తట్ట నెత్తి మీదికి ఎక్కింది. ఎర్రమట్టి నీళ్లు ఆయన ముఖం మీదుగా, తెల్ల లాల్చీ మీదుగా కారాయి.  సాలవ్వ పక్కకు జరిగి దారిచ్చింది. ఆయన ముందు, వరుస వెనక కదిలింది.

గుట్ట మీద తాత లేచి నిలబడ్డారు. "దించు!" అని అరిచారు. ఆయన అరవడం నేను వినడం అదే మొదలు. మత్తడి హోరులో అది నాయనకు వినబడిందో లేదో నాకు తెలియదు. వినబడిందనే నేను అనుకుంటాను.

ఎన్ని తట్టలు మోశారో ఎవరూ లెక్క పెట్టలేదు. వాడ ఖాళీ అయింది. చివరి మంచం గడి తలుపు దాటిందని రాజన్న కేక వేశాడు. మోసేవాళ్లంతా కట్ట దిగి గుట్ట వైపు వచ్చేస్తున్నారు. సాలవ్వ వెనక్కి తిరిగి, "ఇగ చాలు చిన్నదొరా, ఇడిసిపెట్టి రా!" అని పిలిచింది.

నాయన నెత్తి మీద తట్ట ఉంది. "ఇదొక్కటి పోసి అస్త" అన్నారు.

అది పెద్ద చప్పుడేమీ కాదు. తడిసిన గోడ కూలితే ఎలా ఉంటుందో అలా ఉంది. కట్ట నడుమ ఒక ముక్క మెల్లగా కూర్చున్నట్టయి, మరుక్షణం అక్కడ కట్ట లేదు, నాయన లేరు. నీళ్లు మాత్రమే ఉన్నాయి. ఆ నీళ్లు వాడను, చర్చిని, ఈతచెట్లను తీసుకుని పొలాల మీద పడ్డాయి.

వాడలో ఒక్క ప్రాణం కూడా పోలేదు. నాయన దిగువన, ఆయకట్టు కొస పొలంలో, చెరువు ఒండ్రు కింద దొరికారు. మల్లయ్య వాళ్లే మోసుకొచ్చారు. కడిగింది సాలవ్వ. గడి వాకిట్లో, అరుగుల మీద, మా దేవుడి గది వసారాలో వాడ జనమంతా ఉన్నారు. ఎవరి పిల్లలు ఎక్కడ పడుకున్నారో తెలియదు. తాత వాళ్ల మధ్యనుంచి నడిచి పోయి కొడుకు పక్కన నేల మీద కూర్చున్నారు.

వాగు తన బాకీ తీర్చుకుందని ఊళ్లో అందరూ అనుకున్నారు. పరామర్శకు వచ్చినవాళ్లు నాయనమ్మతో కూడా అదే అన్నారు. సాలవ్వ మాత్రం ఒప్పుకోలేదు. "వాగుకేమెరుక దొర్సానీ. వాగు తన తొవ్వల తాను పోయింది. గోడ పెట్టింది వాగు గాదు గద" అంది, తాతకు వినబడేలాగే. తాత విన్నారు. ఆ మాటకు నాకు అప్పట్లో ఒళ్లు మండింది. ఇంత దుఃఖంలో ఉన్న ఇంట్లో అనవలసిన మాట కాదనుకున్నాను. తరువాత చాలా ఏళ్లకు తెలిసింది, ఆ రోజు మా ఇంటికి వచ్చినవాళ్లలో నిజంగా మమ్మల్ని సాటి మనుషులుగా లెక్కలోకి తీసుకుని మాట్లాడింది ఆమె ఒక్కతే అని.

తాత తరువాత బతికింది కొద్ది కాలమే. ఆయన పోయేదాకా నాతో చెరువు మాట ఎత్తలేదు. నాయనమ్మ తన పుట్టినింటి ఊరు వెల్గటూరుకు నన్ను తీసుకుపోయింది. అక్కడినుంచి చదువులు, కోరుట్లలో పంతులమ్మ ఉద్యోగం. గడి తలుపులు ఎవరో పీక్కుపోయారు, తరువాత దూలాలు పోయాయి, తరువాత రాళ్లు.

గండి పూడ్చలేదు. సర్కారువాళ్లు వచ్చి కొలతలు వేశారు, వేసి పోయారు. పారే నీళ్లు లేక ఆయకట్టు పడావు పడింది, తరువాత బోర్లు వచ్చాయి, తరువాత బోర్లు ఎండాయి. వాడవాళ్లకు గుట్ట మీద ఎత్తున ఇండ్లు కట్టించారు. సాలవ్వ అక్కడే ముసలిదై పోయింది. బొడ్డెమ్మకు ఇప్పుడు మట్టి ఎక్కడినుంచి తెస్తారో నాకు తెలియదు. అసలు చేస్తున్నారో లేదో తెలియదు. బతుకమ్మలను సిమెంటు తొట్టిలో వేస్తున్నారని విన్నాను. బొమ్మెచేప కోరుట్ల మార్కెట్లో దొరుకుతుంది, ఆంధ్ర నుంచి ఐసులో వస్తుంది. మత్తడి చప్పుడు మాత్రం ఎక్కడా అమ్మరు. కట్ట రెండు ముక్కలై ఇంకా నిలబడే ఉంది. సిరిసిల్లకు వేసిన కొత్త రోడ్డు ఆ గండిలోంచే పోతుంది. అటు పని పడినప్పుడల్లా నేను బస్సులో నాయన పడిపోయిన చోటునుంచే పోతాను.

మొన్న ట్రాక్టరు మట్టి పోసిన మరునాడు ఎందుకో మనసు ఆగక సిరిసిల్ల బస్సెక్కాను. నా వెనక సీట్లో కొత్తగా పెళ్లయిన జంట ఉంది. గండి దగ్గరికి వస్తుంటే ఆ అబ్బాయి కిటికీలోంచి చేయి చాపి భార్యకు చూపిస్తున్నాడు. చెరువు కడుపులో, పత్తి చేల మధ్య, తెల్లరంగు వేసిన హద్దు రాళ్లు వరుసగా ఉన్నాయి.

"గా మూలకున్నది సూడు, గదే మన ప్లాటు. ముంగటనే రోడ్డు."

"గీడ చెరువుండెనట గదా?" అంది ఆ పిల్ల.

"ఎనకట. ఎవడో దొరదట. దొరలు తట్ట ముట్టక చెరువు పాడువెట్టిండ్రట, తెగిందట."

"మల్ల పెద్దవానకు నీళ్లస్తె?"

"చెరువే లేకపాయె, నీళ్లెక్కడికెల్లి అస్తయే పిచ్చిదానా" అని అతను నవ్వాడు.

నేను ఎవరి మాటల్లోనూ కల్పించుకునే మనిషిని కాను. కానీ వెనక్కి తిరిగాను. "అస్తయి బిడ్డా. వాగు అట్లనే ఉన్నది. అండ్ల ఇల్లు కట్టకుండ్రి" అన్నాను. ఆగలేక ఇంకొక మాట కూడా అన్నాను.  "తట్ట ముట్టకపోవుడు అబద్ధం. మా నాయిన ఎత్తిండు. గీడనే పోయిండు."

అతను ఇబ్బందిగా నవ్వి, "మీరెవలవ్వా? మీదే ఊరు?" అని అడిగాడు.

"గీ చెరువు మాదే" అన్నాను.

ఆ పిల్ల నన్ను చూడలేదు. మెడ తిప్పి, కిటికీ బయట, ఎండలో మెరుస్తున్న ఆ తెల్లరాళ్లను, వాటి వెనక గుట్టల మధ్య వాగు వచ్చే సందును చూస్తూ ఉండిపోయింది. బస్సు గండిలోంచి గట్టెక్కేదాకా చూస్తూనే ఉంది.